అప్‌డేట్: చెల్లెలి పెళ్లికి పంచెనే కట్టాను

నాన్న లేరు కాబట్టి చెల్లెలి కన్యాదానం నేనే చేయాలి, వైశాఖం ఎండలో షేర్వానీ వేసుకోవాలా, పంచె కట్టాలా అని ఇక్కడ అడిగాను. చాలామంది పంచె అన్నారు. పెళ్లి అయింది, చక్కగా జరిగింది.

పట్టు బదులు పొందూరు ఖద్దరు తీసుకున్నాను. అక్కడ వాలుగ చేప దవడతో పత్తిని ఏకుతారు, నూలు చేత్తో వడుకుతారు. అంత సన్నని బట్ట ఒంటి మీద ఉన్నట్టే అనిపించలేదు. అంచులకు అమ్మ పసుపు రాసి ఇచ్చింది.

కొనేవాళ్లు మూరలు చూసుకోండి. నాలుగు మూరలది చుట్టుకోవడానికే సరిపోతుంది. గోచీ పెట్టి కట్టాలంటే ఎనిమిది మూరలు కావాలి. పీటల మీద అంతసేపు కూర్చున్నా, వరుడి కాళ్లు కడగడానికి వంగినా గోచీకట్టు జారలేదు. ఉత్తరీయం తప్పనిసరి. నా భార్య కొంగుతో ముడి వేసింది దానికే! షేర్వానీ అయితే పురోహితుడు ఎలాగూ కండువా తెమ్మనేవారు.

రిసెప్షన్‌కు మామూలు బంద్‌గలా (మెడ దాకా మూసి ఉండే కోటు) వేసుకున్నాను. దాని గురించి చెప్పేదేమీ లేదు.

గంజి ఎంత పెట్టాలని అడిగిన తమ్ముడికి: పలచగా పెట్టు, ఎక్కువైతే కుచ్చిళ్లు సరిగ్గా అమరవు.