బెల్టుకి టోర్నికెట్ ఎక్కడ పెట్టుకోవాలి?

హైవే డ్యూటీ, రావులపాలెం:
అందరికీ నమస్కారమండి. యాక్సిడెంట్లలో రక్తం ఆపడానికి సొంత డబ్బుతో టోర్నికెట్ (చేతికో కాలికో చుట్టి, కర్ర తిప్పి బిగించే పట్టీ) కొన్నాను. బెల్టుకి ఎడమ పక్క వాకీటాకీ, కుడి పక్క లాఠీ, ముందు పొట్ట (నవ్వకండి). దీన్ని బండి డిక్కీలో పెడితే సరిపోదా? సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర బందోబస్తు కూడా పడుతుంది. కోడికత్తి తగిలితే ఇది పనికొస్తుందా?

రిటైర్డ్ ఆర్మీ మెడికల్, అమలాపురం:
డిక్కీ మాట మర్చిపో తమ్ముడూ. పెద్ద రక్తనాళం తెగితే మనిషి నిమిషాల్లో పోతాడు, నువ్వు తాళం వెతుక్కునేలోపే. ఒంటి మీదే ఉండాలి. బెల్టు ముందు భాగంలో, ఏ చెయ్యి విరిగినా రెండోదానికి అందేచోట. వాకీటాకీని కాస్త వెనక్కి జరుపు. ప్లాస్టిక్ కవరు ఇప్పుడే తీసెయ్, రక్తం అంటిన వేళ్లతో అది చిరగదు. అలాగని ఎండకి, దుమ్ముకి వదిలెయ్యకు, మూత ఉన్న పౌచ్‌లో పెట్టు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటిలో నకళ్లు ఎక్కువ, బిగించేటప్పుడు తిప్పే కర్ర పుటుక్కుమంటుంది. ప్రాక్టీసుకి వేరేది ఉంచుకో.

గాయానికి రెండు మూడు అంగుళాలు పైన కట్టు, మోకాలు, మోచేయి కీళ్ల మీద వద్దు. రక్తం ఆగేదాకా తిప్పు. నొప్పికి వాడు నిన్ను బండబూతులు తిడతాడు, తిట్టనీ, వదులు మాత్రం చెయ్యకు. కట్టిన టైము దాని మీదే రాయి. రెండు గంటల్లోపు ఆసుపత్రిలో పడితే కాలికి సాధారణంగా ఢోకా ఉండదు.

ఇక కోడికత్తి. పిక్కకో తొడకో తగిలితే ఇదే కట్టు. గజ్జల్లో దిగితే కట్టడానికి చోటే లేదు. 2021లో జగిత్యాల జిల్లాలో ఒకాయన తన పుంజు కత్తే గజ్జల్లో దిగి పోయాడు, పేపర్లలో వచ్చింది. అలాంటప్పుడు గాజ్ (కట్టు కట్టే పల్చటి గుడ్డ) రోల్ విప్పుకుంటూ రక్తం చిమ్మే చోటుకే వేలితో లోపలికంటా కూరాలి. నిండాక రెండు చేతులూ ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కు. కయోలిన్ (రక్తాన్ని త్వరగా గడ్డకట్టించే మట్టి పొడి) పూసిన గాజ్ అయితే కనీసం 3 నిమిషాలు, మామూలుదైతే 108 వచ్చేదాకా. మధ్యలో ఆగిందా అని ఎత్తి చూడకు. గాజ్, గ్లౌజులు కూడా ఆ పౌచ్‌లోనే ఉండాలి, ఆయ్!

క్యాజువాలిటీ నర్సు, భీమవరం:
పై అన్నయ్యగారు చెప్పింది నిజం. మా దగ్గరికి తువ్వాలు వదులుగా చుట్టి తెస్తారు. అలా సగం బిగిస్తే లోపలికి రక్తం వెళ్తూనే ఉంటుంది, వెనక్కి తిరిగే దారి మూసుకుపోతుంది, కారడం ఇంకా ఎక్కువవుతుంది. కడితే గట్టిగా కట్టండి, లేదా చేత్తో నొక్కి పట్టుకురండి. గాయంలో కాఫీపొడి, పసుపు మాత్రం కుక్కకండి బాబూ, అవి కడగలేక చస్తున్నాం.

హైవే డ్యూటీ, రావులపాలెం:
చాలా థాంక్సండి ఇద్దరికీ. వాకీటాకీ జరిపాను, పొట్ట పక్కన చోటు దొరికింది. బట్టల మీదే కట్టొచ్చా గురువుగారూ?

రిటైర్డ్ ఆర్మీ మెడికల్, అమలాపురం:
గాయం కనపడితే లుంగీ పైకి లాగి చర్మం మీదే కట్టు. ప్యాంటు రక్తంతో తడిసిపోయి ఎక్కడ తెగిందో తెలియకపోతే బట్ట మీదే, తొడ పైభాగంలో వీలైనంత ఎత్తున కట్టెయ్. ముందు జేబు తడిమి చూడు. ఫోనో తాళాల గుత్తో పట్టీ కింద పడితే ఎంత తిప్పినా బిగుసుకోదు.