అమ్మకి రెండు హార్మోన్ మందులు కలిపి వాడొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

తెనాలి_పెద్దమ్మాయి:
అమ్మకి 63 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఐదేళ్ళు టామోక్సిఫెన్ అనే హార్మోన్ మందు వాడింది. ఆపేసి రెండేళ్ళయింది. ఇప్పుడు నడుం నొప్పని స్కాన్ తీయిస్తే ఎముకల్లోకి వచ్చిందన్నారు. ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌తో పెరిగే రకం), హర్2 నెగెటివ్ (హర్2 అనే ప్రోటీన్ ఎక్కువ లేనిది). అనస్ట్రజోల్ మాత్ర, ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్ కలిపి ఇస్తారని చదివాను. మా డాక్టరేమో ఫుల్వెస్ట్రాంట్‌తో పాల్బోసిక్లిబ్ (క్యాన్సర్ కణాలు పెరగకుండా ఆపే మాత్ర) రాశారు. ఒకటే టెన్షన్.

ఫార్మసీ_బాబాయ్:
మీరు చదివింది నిజమేనమ్మా, కానీ పాత సంగతి. అనస్ట్రజోల్ ఒంట్లో ఈస్ట్రోజన్ తయారవకుండా చూస్తుంది. ఫుల్వెస్ట్రాంట్ ఆ ఈస్ట్రోజన్ అంటుకునే రిసెప్టర్‌నే పాడుచేస్తుంది. ఈ జోడీని అమెరికాలో దాదాపు 700 మంది మీద పరీక్షించి చూశారు. 2019లో వచ్చిన చివరి లెక్కల్లో, రెండూ కలిపి వాడినవాళ్ళలో సగం మంది సుమారు 50 నెలలు దాటి బతికారు, అనస్ట్రజోల్ ఒక్కటే మొదలుపెట్టినవాళ్ళకి అది 42. అయితే అంతకుముందు టామోక్సిఫెన్ వాడనివాళ్ళకే ఎక్కువ మేలు కనబడింది. మీ అమ్మగారు వాడేశారు కదా. హార్మోన్ మందు వాడాక తిరగబెట్టినవాళ్ళ మీద బ్రిటన్‌లో చేసిన పరీక్షలో ఈ జోడీ వల్ల లాభం తేలలేదు. డాక్టర్ రాసిందే నాకు సబబుగా ఉంది.

నల్గొండ_కోడలు:
మా అత్తమ్మకి ఏడాదిగా ఇదే నడుస్తోంది. ఫుల్వెస్ట్రాంట్ మొదటి నెల 1, 15, 29 రోజుల్లో, తర్వాత నెలకోసారి. ప్రతిసారీ రెండు పిరుదులకీ చెరొకటి. అందులో ఆముదం ఉంటుందట, అందుకే అంత చిక్కన! మొదటిసారి నర్సు ఫ్రిజ్‌లోంచి తీసి గబగబా పొడిచేసింది. అత్తమ్మ రెండు రోజులు కూర్చోలేదు. చల్లదనం పోయాక నెమ్మదిగా, ఒక్కోదానికి నిమిషం పైనే పట్టేలా ఇవ్వమనండి. మొహమాటపడకండి.

వైజాగ్_చిన్నోడు:
పాల్బోసిక్లిబ్ మూడు వారాలు వేసి ఒక వారం ఆపాలి. మా అమ్మకి రెండో నెల తెల్లరక్తకణాలు పడిపోయాయి. మోతాదు 125 మి.గ్రా. నుంచి 100కి తగ్గించాక కుదురుకుంది. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఫోన్ చేయండి. ఖర్చు గురించి భయపడుతుంటే, 2023లో పేటెంట్ అయిపోయింది, మన కంపెనీల మాత్రలు చాలా తక్కువకి దొరుకుతున్నాయి.

తెనాలి_పెద్దమ్మాయి:
థాంక్సండీ. ఇంకొకటి, పెరట్లో పంపరపనస కాసింది, అమ్మకి ప్రాణం. పెట్టొచ్చా?

ఫార్మసీ_బాబాయ్:
వద్దమ్మా. అది గ్రేప్‌ఫ్రూట్ జాతిదే, పాల్బోసిక్లిబ్ రక్తంలో మోతాదు మించిపోవచ్చు. కమలాలు పెట్టండి.

నల్గొండ_కోడలు:
అయ్యో, మేం దానిమ్మ రోజూ ఇస్తున్నాం. సోమవారం అడిగి చెప్తా.