‘మూడో వరుస’కు 2 అని ఎందుకు రాస్తాం?

అమలాపురం నుంచి:

సభ్యులకు నమస్కారం. మా అన్నయ్య కూతురు డిప్లొమా మొదటి ఏడాదిలో సి అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటోంది. నాలుగు అడ్డు వరుసలు, ఐదు నిలువు వరుసలు ఉన్న పట్టిక గీసి, మూడో అడ్డు వరుసలో నాలుగో గడి చూపమన్నాను. వేలు సరిగ్గానే పెట్టింది. రాయడం మాత్రం [3][4] అని రాసింది. అక్కడ ఉండాల్సింది [2][3]. లెక్క సున్నా నుంచి మొదలవుతుందమ్మా అంటే, ‘అయితే మొదటి వరుసను సున్నో వరుస అనాలా బాబాయ్?’ అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. గడి చోటు చెప్పే ఈ అంకెను, అంటే ఇండెక్స్‌ను ‘సూచిక’ అంటున్నాం కదా, ఈ సున్నా సంగతి కూడా వినిపించే మాట ఏదైనా ఉందా?

రాజోలు నుంచి:

సూచిక మంచి మాటేనండీ. లాటిన్‌లో ఇండెక్స్ అంటే చూపుడు వేలు, మన సూచిక కూడా చూపించేదే. చిక్కు ‘మూడో’ చివరనున్న ‘ఓ’ దగ్గర ఉంది. ‘ఎన్నోది?’ అన్న ప్రశ్నకు అది జవాబు. సి భాష అడిగేది ‘ఎన్ని దాటాలి?’ అని.

కొబ్బరి తోటలో కాయల దింపు తీసేవారికి మేము చెట్టు గుర్తు చెప్పేది ఇలాగే. ‘బోదె గట్టు నుంచి రెండు వరుసలు దాటు, ఆ వరుసలో మూడు చెట్లు దాటు, ఆ తర్వాతి చెట్టు’ అంటాం. అదే [2][3]. మొదటి చెట్టుకు దాటాల్సింది ఏమీ లేదు, అందుకే సున్నా. చెట్టుకూ చెట్టుకూ 25 అడుగుల ఎడం ఉంటే, మూడు దాటి చేరిన చెట్టు మొదటి చెట్టుకు 75 అడుగుల దూరంలో ఉంటుంది. ‘నాలుగోది’ అనుకుంటే ముందు ఒకటి తీసేసి గుణించాలి. కంప్యూటర్ లెక్క కూడా అంతే. దాని జ్ఞాపకంలో (మెమరీలో) పట్టిక వరుసలన్నీ ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి. రెండు వరుసలకు పది గడులు, పైన మూడు, మొత్తం 13 దాటాలి. గడికి 4 బైట్ల చోటు పడితే 52 బైట్లు.

భీమవరం నుంచి:

‘దాటు’ బాగుంది, మా పిల్లలకూ చెబుతాను. కానీ సూచికను మాత్రం వదలకండి. గణితంలో మాత్రిక (సంఖ్యల పట్టిక) మూలకాలను 1 నుంచే లెక్కిస్తాం, ఇంకో కంప్యూటర్ భాష అయిన ఫోర్‌ట్రాన్‌లోనూ మామూలుగా అంతే. అక్కడ ‘మూడో’ అన్నదే సరైన మాట. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ‘అడ్డు’, ‘నిలువు’. రోడ్డు మీద నిలబడితే అడ్డుగా కనిపించే చెట్ల వరుస, పక్కనున్న బోదె గట్టు మీద నుంచి నిలువుగా కనిపిస్తుంది. పైగా గ్రాఫులో అడ్డంగా జరిగే సంఖ్యను ముందు రాస్తాం, పట్టికలో కిందికి దిగే సంఖ్య ముందు వస్తుంది. పిల్లలు ఇక్కడే తారుమారు చేస్తారు. ‘ముందు వరుసలోకి వెళ్లు, తర్వాత గడిలోకి’ అని చెప్పడం మేలు.

అమలాపురం నుంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. పట్టికకు ‘తోట’ అని పేరు పెట్టి మళ్లీ కూర్చున్నాం. కావాలనే తోట[2][5] రాసి, ఇది ఏ గడి అని అడిగాను. వేలితో ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లి పట్టిక అంచు బయట ఆగింది. ‘ఐదూ దాటేస్తే ఈ వరుసలో చెట్టే లేదు బాబాయ్!’