పాత చేంజ్ ఫైలు కొత్త టెక్‌కు అతకడం లేదు: బావగారి మార్పులను బతికించడం ఎలా?

అల్లిపురం ట్రేసింగ్:

నమస్కారం. విశాఖపట్నం అల్లిపురంలో నాది రెండు గదుల డీటీపీ దుకాణం. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడు ఒక కవితా సంపుటి. వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా ఒక్క లెక్కల పుస్తకంతో.

1997లో మా బావగారు దాన్ని టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాములో కూర్చారు. ఆయన పగలు పాఠాలు చెప్పి, రాత్రి మా దుకాణంలో కూర్చునేవారు. మొత్తం 416 పేజీలు, పదహారు పేజీలకు ఒక ఫారం చొప్పున 26 ఫారాలు. ట్రేసింగ్ కాగితం మీద లేజరు ప్రింటు తీసి, ప్రతి ముద్రణకూ వాటితోనే ప్లేట్లు చేయిస్తూ వచ్చాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా పైకప్పు రేకు ఒకటి ఎగిరిపోయింది. 7, 8, 19 ఫారాల ట్రేసింగులు తడిసి అప్పడాల్లా అంటుకుపోయాయి. మిగతా 23 భద్రంగా ఉన్నాయి. కంప్యూటరు అంతకు ముందే ఉప్పుగాలికి తుప్పు పట్టి పోయింది. ఈ ఊళ్లో సముద్రానికి దగ్గరగా ఉన్నవారికి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 500 కాపీలు కావాలని అడుగుతున్నారు. ఆ మూడు ఫారాలు మళ్లీ తీయాలి. అయితే 97వ పేజీ సరిగ్గా పాత మాటతోనే మొదలవ్వాలి, 128వ పేజీ పాత మాటతోనే ముగియాలి. 289 నుంచి 304 వరకూ అంతే. ఒక్క వరుస జరిగినా పక్క ఫారంతో అతకదు. అప్పుడు 26 ఫారాలూ కొత్తగా చేసుకోవాలి.

నా దగ్గర ఉన్నవి: అధ్యాయాల ఫైళ్లు, అక్షరాల వెడల్పులు చెప్పే టీఎఫ్ఎం ఫైళ్లు, ఆకారాలు చెప్పే మెటాఫాంట్ ఫైళ్లు ఒక సీడీలో ఉన్నాయి. బావగారు టెక్ మూల కోడ్‌కు చేసిన మార్పుల చేంజ్ ఫైలు మాత్రం సీడీలో లేదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటు కాగితాలు దొరికాయి, రెండు రాత్రులు కూర్చుని మళ్లీ టైపు చేశాను. పది మార్పులు. అవి టెక్ 3.14159 మీద చేసినవని పైనే రాసి ఉంది. ఇప్పుడు దొరికేది 3.141592653. మూలాన్నీ చేంజ్ ఫైలునూ కలిపి కోడ్ తయారుచేసే టాంగిల్‌కు ఇచ్చి చూస్తే చేంజ్ ఫైలులోని మార్పు సరిపోలలేదు అని ఒకే ఒక్క మాట చెప్పి ఊరుకుంది. పదింటిలో ఒక్కటీ పడలేదు. ఇన్నేళ్లలో టెక్ అంతగా మారిపోయిందా? బావగారు ఇప్పుడు లేరు, అడుగుదామంటే.

పాత సిరా:

టెక్ అంతగా మారలేదండి. మీ పది మార్పుల్లో మొదటిది ఏమిటో చెప్పండి. నా అనుమానం, అది ప్రోగ్రాము తన పేరు చెప్పుకునే బ్యానరు వరుస.

ఎందుకంటే టాంగిల్ చేంజ్ ఫైలును పై నుంచి కిందికి వరుసగానే చదువుతుంది. చేంజ్ ఫైలులో ఎట్-ఎక్స్ (@x) గుర్తు కింద ఉన్న పాత వరుస మూల ఫైలులో ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతుంది. దొరికేవరకూ రెండో మార్పు ముఖం కూడా చూడదు. మొదటిదే దొరకకపోతే ఫైలు చివరిదాకా వెతికి, అక్కడ ఆ ఒక్క ఫిర్యాదు చేసి ఆగిపోతుంది. తలుపు దగ్గర మొదటివాడి టికెట్ చెల్లకపోతే వెనక తొమ్మిదిమందీ బయటే నిలబడ్డట్టు.

బ్యానరు వరుసలో వెర్షను సంఖ్య ఉంటుంది. టెక్ రాసిన కనూత్ దాన్ని సవరించిన ప్రతిసారీ ఆ సంఖ్యకు π (పై) విలువలోని తర్వాతి అంకె ఒకటి చేరుస్తారు. మీ 3.14159 వచ్చింది 1995లో. ఆ తర్వాత 2002, 2008, 2014, 2021లో ఒక్కో అంకె పెరిగింది. నాలుగుసార్లు కలిపినా అవి చిన్న చిన్న సవరణలే. పేరాను వరుసలుగా విరిచే పద్ధతి అదే. మీ పేజీలు జరుగుతాయన్న భయం అక్కర్లేదు, టీఎఫ్ఎం ఫైళ్లు పాతవే వాడితే చాలు. వరుస ఎక్కడ విరగాలో తేల్చేవి వాటిలోని వెడల్పులే.

ఇంకొకటి. టాంగిల్ ఒక్క చేంజ్ ఫైలునే తీసుకుంటుంది. ఇప్పుడు టెక్ దొరికే టెక్ లైవ్ అనే సంకలనంలో కోడ్‌ను సీ భాషకు మార్చే వెబ్2సీకి దాని సొంత చేంజ్ ఫైలు ఉంది, అది కూడా బ్యానరును ముట్టుకుంటుంది. కాబట్టి టై అనే ప్రోగ్రాముతో కలపాలి. ముందు టెక్ మూలం, తర్వాత వెబ్2సీ మార్పులు, ఆఖర్న మీవి. మీ ఎట్-ఎక్స్ వరుసలు అప్పటికే మారిన వరుసలకు సరిపోవాలి. మూల ఫైలును మాత్రం చేత్తో దిద్దకండి.

అల్లిపురం ట్రేసింగ్:

మీ అనుమానం నిజం. మొదటిది బ్యానరే. బావగారు ప్రోగ్రాముకు "యారాడ" అని పేరు పెట్టుకున్నారు. మార్చిన ప్రోగ్రాము, టెక్ లాగే నడుస్తుందో లేదో తేల్చే ట్రిప్ పరీక్ష దాటకపోతే దాన్ని టెక్ అని పిలవకూడదని కనూత్ షరతు ఉందని, అందుకే సొంత పేరు పెట్టానని చెప్పేవారు. ఆదివారం యారాడ కొండ ఎక్కి వచ్చాక పెట్టిన పేరు అది.

బ్యానరు సరిచేశాక ఆరు మార్పులు పడ్డాయి! ఏడోదాని దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి రెండు వరుసలు కలవలేదంటోంది.

మధురవాడ మౌస్:

మాస్టారు, ఇంత శ్రమ ఎందుకు? టెక్ నుంచే పుట్టిన జీటెక్ ఉంది, యూనికోడ్ నేరుగా చదువుతుంది. 2013 నుంచి అందులో అక్షరాలను కలిపి రూపు దిద్దే హార్ఫ్‌బజ్ ఉంది, ఒత్తులు, గుణింతాలు అదే చూసుకుంటుంది. మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. మూల కోడ్ ముట్టుకోకుండా ఒక్క రోజులో పుస్తకం మొత్తం కూర్చవచ్చు.

అల్లిపురం ట్రేసింగ్:

బాబూ, పుస్తకం మొత్తం కూర్చడానికి అయితే మీరు చెప్పిందే దారి. నాకు కావలసింది 48 పేజీలు, అదీ పాత అచ్చులో పాత అక్షరాలతో. ఫాంటు మారితే వెడల్పు మారుతుంది, వెడల్పు మారితే నా 23 ట్రేసింగులూ చెత్తబుట్టలోకి.

పాత సిరా:

మధురవాడ వారి సలహా వచ్చే పుస్తకానికి దాచుకోండి. అప్పుడు ఒక జాగ్రత్త. మీ టైపు ఫైళ్లు భారతీయ లిపులకు అప్పట్లో వాడిన ఇస్కీ కోడ్‌లో ఉంటే, అందులో పొల్లు రెండుసార్లు వరుసగా కొట్టి ఉంటుంది, హల్లు తర్వాతి అక్షరంతో కలవకూడదని. యూనికోడ్‌కు మార్చేటప్పుడు దాన్ని పొల్లు, దాని వెంట కనిపించని విడదీత గుర్తుగా మార్చాలి. లేకపోతే మీ లెక్కల పుస్తకంలో "గ్రాఫ్‌లో" అని ఉన్నదల్లా "గ్రాఫ్లో" అయి కూర్చుంటుంది.

ఇక ఏడో మార్పు. మొదటి వరుస దొరికింది, తర్వాతవి తేడా పడ్డాయి అని దాని అర్థం. ప్రింటు చూసి టైపు చేశారు కదా, వరుస మొదట్లో ఖాళీలు లెక్కపెట్టండి. టాంగిల్ వరుస చివరి ఖాళీలను పట్టించుకోదు కానీ మొదటి ఖాళీలను వదలదు. డాట్ మ్యాట్రిక్స్‌లో ఒకటి అంకె, చిన్న ఎల్ అక్షరం కవలపిల్లలు, అదీ చూడండి.

అసలు పదింటిలో ఏమేమి ఉన్నాయో రాస్తారా? కొన్ని ఇప్పుడు అవసరమే ఉండకపోవచ్చు.

అల్లిపురం ట్రేసింగ్:

అదే జరిగింది. ఒక చోట మూడు ఖాళీలకు రెండే పెట్టాను, ఒక చోట ఎల్‌కు బదులు ఒకటి కొట్టాను. జాబితా ఇది: 1 బ్యానరు. 2 నుంచి 5 వరకు ప్రోగ్రాము మెమరీ పెంచినవి, 30000 ఉన్న మెమ్ మ్యాక్స్ లాంటివి. 6 ఏ అక్షరాలు తెరమీద చూపించవచ్చు అన్న 49వ సెక్షను. 7 సెక్షను 82. 8, 9, 10 పదం మధ్యలో విరిస్తే వరుస చివర అడ్డగీత పడకుండా చేసినవి. తెలుగులో విరిచిన చోట గీత పెట్టడం బావగారికి అస్సలు నచ్చేది కాదు.

పాత సిరా:

2 నుంచి 5 తీసేయండి. ఆ పరిమాణాలు ఇప్పుడు కోడ్‌లో కాదు, టెక్స్‌ఎంఎఫ్ కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంటాయి. మీ 30000 ఉన్న చోట అక్కడ 50 లక్షలు ఉంది. 6కు బదులు సీపీ227 అనే అక్షర పట్టిక ఫైలు వస్తుంది, ఫార్మాట్ తయారుచేసేటప్పుడు చెబితే చాలు.

8, 9, 10 కూడా అక్కర్లేదు, ఇదే నాకు ఇష్టమైన సంగతి. ఫాంటులో లేని ఒక స్థానాన్ని, 255 ఖాళీగా ఉంటే దాన్ని, హైఫెన్‌చార్‌గా, అంటే విరిచిన చోట వేసే గీత అక్షరంగా చెప్పండి. టెక్ పదాన్ని విరుస్తుంది, గీత వెయ్యబోతుంది, ఆ అక్షరం లేదని తెలుసుకుని గీత లేకుండానే ముందుకు పోతుంది. లాగ్ ఫైలు నిండా హెచ్చరికలు వస్తాయి, పట్టించుకోకండి. మీ బావగారి కోడ్ చేసేదీ ఇదే ఫలితం.

7లో ఏముంది? 82వ సెక్షను తప్పుల లెక్క కదా, తెలుగుకు దానితో ఏమి పని?

అల్లిపురం ట్రేసింగ్:

పని ఏమీ లేదు. నూరు తప్పులయ్యాయి, మళ్లీ ప్రయత్నించండి అని టెక్ ఇంగ్లీషులో చెబుతుంది కదా. బావగారు అక్కడ తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టారు: "శిశుపాలా, నూరు నిండాయి."

మీరు చెప్పినవన్నీ చేసి, సరిచూసుకోవడానికి ముందు ఆరో ఫారం తీశాను, 81 నుంచి 96. అది పాత ట్రేసింగు బాగానే ఉన్న ఫారం. కింద ట్యూబులైటు ఉన్న గాజు బల్ల మీద పాతది పెట్టి, పైన కొత్తది పరిచాను. పదిహేను పేజీలు ఒకటే పేజీ అన్నట్టు కలిసిపోయాయి. 91లో మాత్రం ఒక వరుస తేడా. గుండె జారింది. తీరా చూస్తే అచ్చులో "లంభకోణం" అని ఉంది, సీడీలో "లంబకోణం". అచ్చు అయ్యాక బావగారు ఒత్తు తీసేసి దాచుకున్నారన్నమాట. ఆ ఒత్తు నా ట్రేసింగులో అలాగే ఉంటుంది, ఏమీ చేయలేను.

7, 8, 19 కూడా తీశాను. ట్రేసింగులు లేవు కనుక అచ్చయిన పుస్తకంతో మాట మాటా పోల్చాను. మొదటి మాటలు, చివరి మాటలు సరిగ్గా ఉన్నాయి. సోమవారం ప్లేట్లకు వెళతాయి.

మామూలు టెక్‌తోనే పని అయిపోయింది. అయినా టై పెట్టి యారాడను కూడా కట్టాను. పదిలో ఎనిమిది మార్పులు తీసేశాను. బ్యానరు, 82 ఉంచాను. ఆ మాట వస్తుందో లేదో చూడాలని నూరు తప్పులున్న ఫైలు ఒకటి తయారుచేసి, ఆగకుండా పొమ్మని ఇచ్చాను. రాలేదు. నూరు తప్పులను నూరు పేరాల్లో పెట్టాను మరి, ఎందుకు రాదో?

పాత సిరా:

పేరా ముగియగానే లెక్క సున్నా అవుతుందండి. నూరూ ఒకే పేరాలో పెట్టండి.

అల్లిపురం ట్రేసింగ్:

వచ్చింది.