యార్డులో వచ్చే బగ్ ఆఫీసులో రావడం లేదు: టీసీ, నెట్‌ఎమ్ తెలిసినవాళ్లు చెప్పండి

కాటా_కోడర్, గుంటూరు:
బ్రాడీపేటలో ఒక చిన్న ఆఫీసులో మిర్చి కమిషన్ వ్యాపారుల కోసం యాప్ రాస్తున్నానండి. కాటా అవ్వగానే గుమాస్తా ఫోన్‌లో చీటీ ఎక్కిస్తాడు: రైతు పేరు, లాట్, టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు. సీజన్‌లో మిర్చి యార్డు నిండా జనం, అందరి చేతుల్లో ఫోన్లు. సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, డేటా మాత్రం కదలదు.

పోయిన వారం ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన ఒక రైతు 38 టిక్కీలు మా లెక్కలో 76 అయ్యాయి. ఒకే చీటీ రెండుసార్లు ఎక్కింది. గుమాస్తా రాత్రి తొమ్మిది దాకా లెక్కలు సరిచూశాడు, ఆ పెద్దాయన బస్సు వదులుకుని అక్కడే కూర్చున్నాడు. ఆయన మొహం చూశాక నాకు నిద్ర పట్టలేదు.

బగ్‌ను ఇక్కడే రప్పించాలని ఉబుంటు ల్యాప్‌టాప్‌ను హాట్‌స్పాట్ చేసి ఫోన్ కలిపాను. వైఫై ఇంటర్‌ఫేస్ మీద టీసీతో (లినక్స్‌లో నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను అదుపుచేసే కమాండ్) నెట్‌ఎమ్ (నెట్‌వర్క్‌ను కావాలని నెమ్మదిగా, తెగేలా చేసేది) పెట్టి, డిలే 300 మిల్లీసెకన్లు, లాస్ (దారిలో పోయే డేటా ప్యాకెట్లు) 5 శాతం ఇచ్చాను. యాభై చీటీలు ఎక్కించాను. యాప్ నెమ్మదించింది కానీ ఒక్కటీ డబుల్ కాలేదు. ఇంకోటి, ఫోన్ నుంచి పింగ్ కొడితే (ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి ఎంత పడుతుందో చూస్తే) 300 మాత్రమే పెరిగింది. రానూపోనూ 600 పెరగాలి కదా?

పటమట_అడ్మిన్, విజయవాడ:
పింగ్ సరిగ్గానే చూపించిందండి. నెట్‌ఎమ్ ఆ ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి వెళ్లే ప్యాకెట్లనే ఆపుతుంది. మీ ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కు వెళ్లేవి ఆలస్యమయ్యాయి, ఫోన్ నుంచి వచ్చేవి మామూలుగానే వచ్చాయి. రెండో వైపు కూడా కావాలంటే ఇంటర్నెట్ వైపు ఇంటర్‌ఫేస్ మీద ఇంకో నెట్‌ఎమ్ పెట్టండి. సర్వర్ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంటే ఐఎఫ్‌బీ అనే డమ్మీ ఇంటర్‌ఫేస్‌కు లోపలికొచ్చే ట్రాఫిక్‌ను మళ్లించి, దాని మీద పెట్టాలి.

5 శాతం లాస్‌ను టీసీపీ (డేటా చేరేలా చూసుకునే నెట్‌వర్క్ పద్ధతి) తనే మళ్లీ పంపి సర్దేస్తుంది, యాప్‌కు తెలియను కూడా తెలియదు. పైగా మామూలు లాస్ ఆప్షన్ అక్కడొకటి ఇక్కడొకటి పారేస్తుంది. రద్దీలో పోయేవి గుంపుగా పోతాయి. దానికి నెట్‌ఎమ్‌లోనే గిల్బర్ట్-ఇలియట్ మోడల్ ఉంది, ఒకసారి వాడి చూడండి.

గవర్నర్‌పేట_టెస్టర్:
నేనైతే రెండో వైపు ముట్టుకోవద్దంటాను. మీ డబుల్ ఎంట్రీకి కారణం ఒకవైపు తెగడమే అనిపిస్తోంది. చీటీ సర్వర్‌కు చేరింది, "అందింది" అన్న జవాబు ఫోన్‌కు చేరలేదు. గుమాస్తా మళ్లీ నొక్కాడు.

ఇలా చేయండి. నెట్‌ఎమ్ లేకుండా లాగిన్ అయి ఒక చీటీ ఎక్కించండి, కనెక్షన్ తెరిచి ఉంటుంది. వెంటనే ఫోన్ వైపు లాస్ 100 శాతం పెట్టి రెండో చీటీ సేవ్ నొక్కండి. తెరిచి ఉన్న కనెక్షన్ మీద చీటీ వెళ్లిపోతుంది, జవాబు మాత్రం ల్యాప్‌టాప్ దగ్గరే పోతుంది. యాప్ టైమ్‌అవుట్ అయ్యాక నెట్‌ఎమ్ తీసేసి మళ్లీ నొక్కండి. ముందే 100 శాతం పెడితే మాత్రం కనెక్షనే కుదరదు, చీటీ బయల్దేరదు. ఆ తేడా ముఖ్యం.

కాటా_కోడర్, గుంటూరు:
వచ్చిందండి! మొదటిసారికే వచ్చింది. మా టైమ్‌అవుట్ 10 సెకన్లు. అది అయ్యాక మళ్లీ నొక్కితే డేటాబేస్‌లో రెండు వరసలు, ఒకే రైతు, ఒకే బరువు. నెల రోజులుగా లాగ్‌లలో వెతుకుతున్నది కళ్లముందే కనిపించింది.

చీటీ నంబరు ఇన్నాళ్లూ సర్వర్ ఇస్తోంది, మళ్లీ నొక్కితే కొత్త నంబరు. ఇప్పుడు సేవ్ నొక్కకముందే ఫోనే ఒక ఐడీ తయారుచేస్తుంది, మళ్లీ పంపినా అదే ఐడీ వెళ్తుంది. డేటాబేస్‌లో దానికి యూనిక్ పెట్టాను, అంటే ఒకే ఐడీ రెండుసార్లు ఎక్కదు. రెండోసారి వస్తే సర్వర్ పాత చీటీనే తిరిగి ఇస్తుంది. మీరు చెప్పిన పద్ధతిలోనే ఇరవైసార్లు తెంపి చూశాను, ప్రతిసారీ ఒక్క వరసే.

గిల్బర్ట్-ఇలియట్ రేపు చూస్తాను. సోమవారం ఫోన్ తీసుకుని నేనే యార్డుకు వెళ్తున్నాను, కాటా దగ్గర గుమాస్తా పక్కనే నిలబడి చూడాలి.

పటమట_అడ్మిన్, విజయవాడ:
వెళ్లేముందు హాట్‌స్పాట్ ఇంటర్‌ఫేస్ మీద నెట్‌ఎమ్ డిలీట్ చేశారో లేదో ఒకసారి చూసుకోండి. రీబూట్ చేస్తే ఎలాగూ పోతుంది.