దిక్సూచి సూది కదలదు, గాల్వనామీటరు పలకదు: పదో తరగతి ప్రయోగాలకు సాయం కావాలి

అడిగినవారు (జడ్పీ హైస్కూల్ టీచర్):
అందరికీ నమస్కారం. వచ్చే వారం పదో తరగతికి విద్యుదయస్కాంతత్వం పాఠం మొదలుపెట్టాలి. ముందుగా ఒకసారి చేసి చూసుకుందామని ల్యాబ్‌లో కూర్చుంటే రెండు ప్రయోగాలూ మొండికేశాయి.

మొదటిది ఆయిర్‌స్టెడ్ ప్రయోగం. కరెంటు పోతున్న తీగ దగ్గర దిక్సూచి సూది తిరుగుతుందని చూపేది. థర్మకోల్ మీద రెండు పుల్లలు గుచ్చి, వాటి మీదుగా రాగి తీగ లాగి, కింద దిక్సూచి పెట్టాను. రెండు పెన్సిల్ సెల్లులు, ఒక స్విచ్, ఒక టార్చి బల్బు. బల్బు చక్కగా వెలుగుతోంది, సూది మాత్రం కదిలిందా లేదా అని కళ్లు చికిలించి చూడాల్సి వస్తోంది. రెండోది 50 చుట్ల తీగచుట్టలోకి దండాయస్కాంతం దూర్చడం. గాల్వనామీటరు (చిన్న కరెంటును కూడా ముల్లు కదలికతో చూపే మీటరు) పాతది, నమ్మకం లేక డిజిటల్ మల్టీమీటర్ పెట్టి చూశాను. సున్నా. క్లాసులో అందరి ముందూ ఇలాగే అయితే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్):
మేడమ్, ముందు ఆ బల్బు తీసేయండి. బల్బు వెలిగితే కరెంటు బాగా పోతోందని మనకు అనిపిస్తుంది కానీ, టార్చి బల్బు దాదాపు 0.3 ఆంపియర్లకు మించి పోనివ్వదు. మీ తీగ సూదికి 2 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. అక్కడ తీగ వల్ల వచ్చే క్షేత్రం 3 మైక్రోటెస్లాలు. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం సుమారు 40 మైక్రోటెస్లాలు. ఆ లెక్కన సూది తిరిగేది 4 డిగ్రీలే. వెనక బెంచీ సంగతి అటుంచండి, మీకే కనపడదు.

తీగను 1 సెంటీమీటరు ఎత్తుకు దించి, 2 ఆంపియర్లు పంపితే తీగ క్షేత్రం కూడా 40 అవుతుంది. రెండూ సమానం కాబట్టి సూది 45 డిగ్రీలు తిరుగుతుంది. దీనికి పెద్ద టార్చి సెల్ వాడండి. చిన్న పెట్టెలా ఉండే 9 వోల్టుల బ్యాటరీతో లాభం లేదు. వోల్టేజి ఎక్కువే గానీ అంతర్నిరోధం (బ్యాటరీ లోపలి నిరోధం) వల్ల అంత కరెంటు ఇవ్వలేదు. బల్బు లేకపోతే ఇది దాదాపు షార్ట్ సర్క్యూటే, కాబట్టి స్విచ్ రెండు సెకన్లు నొక్కి వదిలేయాలి. ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ లాంటివాటి లిథియం సెల్లులను ఇలా వాడకూడదు, ప్రమాదం.

ఇంకో సంగతి. తీగను ఏ దిక్కుగా పెట్టారు?

అడిగినవారు:
సార్, కిటికీ వైపు వెలుతురు బాగుందని తూర్పు పడమరలుగా పెట్టాను.

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్):
అయితే అసలు దోషం అదే. తీగ తూర్పు పడమరలుగా ఉంటే దాని క్షేత్రం సూది దగ్గర ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. సూది ఎలాగూ అటే చూస్తోంది, ఇక తిరగడమెందుకు? సూది ఏ దిక్కున నిలబడిందో చూసి, తీగను సరిగ్గా దాని మీదుగా, దానికి సమాంతరంగా పెట్టండి. అప్పుడు స్విచ్ నొక్కితే పక్కకు తిరుగుతుంది. సెల్ తిప్పి పెడితే రెండో పక్కకు. తీగను సూది కిందికి మారిస్తే మళ్లీ దిశ మారుతుంది. కుడిచేతి బొటనవేలి నిబంధన (బొటనవేలు కరెంటు దిశ, మడిచిన వేళ్లు క్షేత్రం దిశ) పిల్లలకు అక్కడే పట్టుబడుతుంది.

ఇనుప కాళ్ల టేబుల్ మీద చేయకండి. దిక్సూచిని దండాయస్కాంతాలతో కలిపి ఒకే డబ్బాలో పడేసి ఉంటే సూది ధ్రువాలు తారుమారై ఉండొచ్చు, అది కూడా చూసుకోండి. ఇన్ని చేసినా కదలిక చాలకపోతే తీగను దిక్సూచి చుట్టూ పది చుట్లు చుట్టండి. ఆయిర్‌స్టెడ్ ప్రయోగం జరిగిన 1820లోనే ష్వైగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చేసింది ఇదే. గాల్వనామీటరు పుట్టింది అలాగే, కాబట్టి ఈ చుట్టడం కూడా పాఠంలో భాగమే.

జవాబు (మోటారు వైండింగ్ షాపు నడుపుతాను):
టీచర్ గారూ, రెండో ప్రయోగం గురించి నేను చెప్తాను. మీ చుట్టకు వాడింది వైండింగ్ తీగే కదా? దాని మీద ఇనామిల్ పూత ఉంటుంది. రంగు రాగిలాగే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు తెలియదు. రెండు చివర్లూ లైటర్‌తో కాస్త కాల్చి, ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా గీకండి. బ్లేడుతో ఒక పక్క గీకితే చాలదు, చుట్టూ పోవాలి.

50 చుట్లు కూడా తక్కువే అండి. దగ్గర్లోని వైండింగ్ షాపులో 36 నంబరు తీగ అడగండి. పది మిల్లీలీటర్ల సిరంజి గొట్టం మీద 1000 చుట్లు చుట్టాలంటే ఇరవై పాతిక గ్రాములు సరిపోతుంది. స్కూలుకని చెబితే డబ్బులు కూడా తీసుకోరు, మేమైతే తీసుకోం.

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్):
బాగా చెప్పారు. డిజిటల్ మల్టీమీటర్ విషయం కూడా చెప్పాలి. అది సెకనుకు రెండు మూడుసార్లే రీడింగ్ తీసుకుంటుంది. అయస్కాంతం దూసుకుపోయే ఆ క్షణకాలపు వోల్టేజి దానికి అందదు. ముల్లు ఉన్న గాల్వనామీటరే కావాలి. దాన్ని అయస్కాంతానికి దూరంగా, పొడుగు వైర్లతో పెట్టండి. లేకపోతే ముల్లు అయస్కాంతం ప్రభావానికే కదులుతుంది.

దూరం అన్నాను కదా అని పక్క గదిలో పెట్టకండి. 1825లో జెనీవాలో కొలాడన్ అనే ఆయన అలాగే చేశాడు. అయస్కాంతాన్ని చుట్టలోకి దూర్చి, పక్క గదికి నడిచి వెళ్లి చూసేసరికి ముల్లు సున్నా దగ్గరికి తిరిగి వచ్చేసి ఉంది. ఆరేళ్ల తర్వాత 1831లో ఫారడే ఆ కదలికను పట్టుకున్నాడు. క్లాసులో ఈ కథ చెప్పి, ఒకరు అయస్కాంతం కదుపుతుంటే మరొకరిని ముల్లు మీదే కన్నేసి ఉంచమనండి. అభివాహం (చుట్ట గుండా పోయే అయస్కాంత క్షేత్రం) మారుతున్నంతసేపే కరెంటు అన్నది మళ్లీ వివరించక్కర్లేదు.

అడిగినవారు:
సార్, తీగ ఉత్తర దక్షిణాలుగా పెట్టి, బల్బు తీసేసి చేశాను. సూది బాగా తిరిగింది! చుట్ట చివర్లు గీకాక గాల్వనామీటరు కూడా కదిలింది, కాకపోతే రెండు మూడు గీతలే. వెనక బెంచీవాళ్లకు చూపించేదెలా?

జవాబు (ప్రైవేటు స్కూల్ టీచర్):
మేడమ్, మీ క్లాసులో డిజిటల్ ప్యానెల్ (పెద్ద తెర) ఉంటే మొబైల్ కెమెరాను దానికి కలిపి దిక్సూచిని పెద్దగా చూపించండి. ఫోన్‌ను కనీసం జానెడు పైన పట్టుకోండి, దాని స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే ఫోన్‌తోనే క్షేత్రాన్ని మైక్రోటెస్లాల్లో కొలవొచ్చు.

ప్రేరణకైతే, అంటే చుట్ట, అయస్కాంతం ప్రయోగానికైతే, ఆ 1000 చుట్ల చుట్టకు రెండు ఎర్ర ఎల్ఈడీలు ఎదురెదురుగా, అంటే ఒకదాని ప్లస్ కాలు రెండోదాని మైనస్ కాలికి వచ్చేలా, పక్కపక్కనే కలపండి. పాత హార్డ్ డిస్క్ అయస్కాంతం వంపు తిరిగి ఉంటుంది, సిరంజిలో పట్టదు. 12 మిల్లీమీటర్ల గుండ్రటి నియోడిమియం బిళ్లలు నాలుగైదు కొనుక్కోండి. వాటిని గొట్టంలో వేసి, రెండు కొసలూ మూసి గట్టిగా ఊపితే ఎల్ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. కరెంటు దిశ మారుతోందని గది చీకటి చేస్తే చివరి బెంచీకి కూడా తెలుస్తుంది.

ప్రశ్న (ఇంటర్ విద్యార్థి):
సార్, అవే బిళ్లలతో రాగి పైపు ప్రయోగం చేయొచ్చా? ఎలాంటి పైపు కావాలి?

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్):
చేయొచ్చు బాబూ. ఏసీ మెకానిక్ దగ్గర ఐదు సూత్‌ల (అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల) రాగి పైపు ముక్క, అర మీటరుది అడుగు. వంపులు లేకుండా నిటారుగా ఉండాలి. ముందు అంతే సైజు చెక్క ముక్క వదిలితే సెకనులో మూడో వంతులో కింద పడుతుంది. తర్వాత నాలుగు బిళ్లలు అతికించి వదిలి చూడు, తీరిగ్గా దిగుతాయి. రాగికి అయస్కాంతం అంటుకోదని ముందే అందరికీ చూపించు, లేకపోతే అంటుకుంటూ దిగుతోందనుకుంటారు. ఆ తర్వాత లెంజ్ నియమం చెప్పు, అంటే పుట్టిన కరెంటు తనను పుట్టించిన మార్పునే అడ్డుకుంటుందని. బిళ్లలు మాత్రం లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకో. చిన్నపిల్లలు రెండు మింగితే పేగుల్లో ఒకదానికొకటి పట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది.