ఉలిక్కిపడే సినిమాలు వద్దు, రెండు రోజులు వెంటాడేవి చెప్పండి

అర్ధరాత్రి_ఆట:
దెయ్యం సినిమాలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఇప్పుడు ఏదీ పనిచేయడం లేదు, అదే నా బాధ. తలుపు కిర్రుమనగానే మొహం వస్తుందని తెలిసిపోతుంది. మొహం వస్తుంది, ఉలిక్కిపడతాను, అర నిమిషంలో మామూలైపోతాను. పోయిన వారం ఒకటి చూస్తూ మధ్యలో ఆఫీసు మెయిల్‌కి జవాబు కూడా ఇచ్చాను.

నాకు కావాల్సింది వేరే. సినిమా అయిపోయాక బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఇంకో లైటు వేసుకోవాలనిపించాలి. రక్తం బకెట్లకొద్దీ పోసేవి వద్దు, వాటికి భయం వేయదు, కడుపులో తిప్పుతుందంతే. భాష ఏదైనా పర్లేదు, సబ్‌టైటిల్స్ ఉంటే చాలు. శనివారం రాత్రి ఇంట్లో ఒక్కడినే ఉంటాను. ఒక్కటే చూస్తాను. "టాప్ 50" లాంటివి నెట్ నిండా ఉన్నాయి కాబట్టి జాబితా పెట్టకండి. మీరు చూసినప్పుడు మీకు ఏమైందో చెప్పండి.

సావిడి_కిటికీ:
లేక్ ముంగో. 2008లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా, గంటన్నర లోపే. ఆలిస్ అనే అమ్మాయి నీళ్ళలో మునిగి చనిపోతుంది. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు కెమెరా ముందు కూర్చుని మాట్లాడుతుంటారు, టీవీలో వచ్చే డాక్యుమెంటరీలాగే. ఎవరూ నటిస్తున్నట్టు ఉండదు. సగం దాకా నాకు భయం కాదు, జాలి వేసింది. తర్వాత ఒక ఫోన్ వీడియో వస్తుంది. మసకగా, చీకట్లో తీసింది. దాని గురించి ఇంకేం చెప్పను. చూసిన రాత్రి నా ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నాను.

చివర్లో పేర్లు పడుతుంటే ఆపేయకండి, అక్కడా ఉంది.

ఫాస్ట్‌ఫార్వర్డ్:
పైన చెప్పినది నేనూ చూశాను. నలభై నిమిషాలకు గుర్రు పెట్టాను. సారీ.

హెరెడిటరీ (2018) చూడండి. స్పాయిలర్ లేకుండా చెప్తాను: ఒక సీన్లో కుర్రాడు చీకటి గదిలో మంచం మీద లేచి కూర్చుంటాడు. సౌండ్ లేదు, మ్యూజిక్ లేదు, కెమెరా కదలదు. థియేటర్లో నేను అతని మొహమే చూస్తున్నాను. నా పక్కావిడ "అమ్మో" అంది. ఏంటా అనుకున్నాను. ముందు వరసలో ఇంకొకరు. అలా ఒక్కొక్కరికీ ఒక్కో క్షణంలో కనబడుతోంది, నాకు తప్ప! నాకు కనబడేసరికి అది ఎంతసేపటి నుంచి అక్కడే ఉందో అర్థమైంది. జంప్ స్కేర్ అయితే అందరం ఒకేసారి ఎగిరిపడేవాళ్ళం కదా.

అర్ధరాత్రి_ఆట:
అబ్బ, సరిగ్గా ఇలాంటిదే అడిగాను. హెరెడిటరీ చూసేశాను కానీ. చూసినవాటిలో పనిచేసింది అదొక్కటే అనుకుంటా.

పాతరీలు:
అలాగైతే మీకు కొత్తవి కాదు, పాతవి కావాలి. చూపించకుండా చూపించడం ఆ రోజుల్లోనే నేర్చుకున్నారు.

ది ఇన్నోసెంట్స్, 1961. హెన్రీ జేమ్స్ నవలిక ఆధారంగా జాక్ క్లేటన్ తీశాడు. పెద్ద బంగళా, తల్లిదండ్రులు లేని ఇద్దరు పిల్లలు, వాళ్ళను చూసుకోవడానికి కొత్తగా వచ్చిన టీచరమ్మగా డెబోరా కెర్. దయ్యాలు నిజంగా ఉన్నాయా, ఆవిడకే అలా కనిపిస్తున్నాయా అన్నది చివరిదాకా తేల్చరు. తేల్చకపోవడమే దాని బలం. దెయ్యం ఉందని తేలిపోతే మంత్రమో తంత్రమో చూసుకోవచ్చు, లేదని తేలితే డాక్టరు దగ్గరికి పోవచ్చు. ఏదీ తేలకపోతే ఎక్కడికి పోతాం?

అందులో సరస్సు సీన్ ఉంది. పట్టపగలు. పాప ఏదో కూనిరాగం తీస్తుంటుంది. అవతలి ఒడ్డున, రెల్లు పొదల మధ్య నల్ల బట్టల్లో ఒకావిడ నిలబడి ఉంటుంది. అంతే. పరిగెత్తుకు రాదు, అరవదు, మనవైపు తిరగదు. దూరం నుంచి చూపించి వదిలేశాడు మహానుభావుడు. ముప్పై ఏళ్ళ క్రితం చూశాను, ఈ రోజుకీ చెరువు అవతలి గట్టు మీద ఎవరైనా కదలకుండా నిలబడితే ఒకసారి ఆగి చూస్తాను.

ఇంకో ముచ్చట. క్లేటన్‌కి వెడల్పు తెర ఇష్టం లేదు, స్టూడియో వాళ్ళు సినిమాస్కోప్‌లోనే తీయాలన్నారు. కెమెరామన్ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఫిల్టర్ల అంచులకు చేత్తో రంగు పూసి, తెర రెండు పక్కలా నల్లబడేలా చేశాడు. అందుకే ఆవిడ దీపం పట్టుకుని నడుస్తుంటే చీకటి రెండు వైపుల నుంచీ మీదకు వస్తున్నట్టు ఉంటుంది.

అది దొరక్కపోతే ది హాంటింగ్, 1963, రాబర్ట్ వైజ్. అందులో దెయ్యం ఒక్కసారి కూడా కనిపించదు. తలుపు లోపలికి ఉబ్బుతుంది, అంతే. ఇంకా తయారీ పూర్తికాని వైడ్ లెన్స్‌ని, వంకరలు వస్తాయని తెలిసే, అడిగి మరీ తీసుకుని వాడాడు. గోడలు తిన్నగా ఉండవు, ఎందుకో మనకు తెలియదు. 1999లో రీమేక్ చేసి గ్రాఫిక్స్‌తో అంతా చూపించారు, భయం మాత్రం రాలేదు.

ఫాస్ట్‌ఫార్వర్డ్:
బ్లాక్ అండ్ వైట్ నా వల్ల కాదు సార్. దెయ్యం కంటే ముందు ఆ యాసే భయపెడుతుంది.

పాతరీలు:
మీకు నలభై నిమిషాలకే నిద్ర పట్టే వరం ఉంది, మీకెందుకు లెండి హారర్.

చెవులు_రెండు:
నడక గురించి ఎవరూ చెప్పలేదేంటి? నాకు భయం కలిగించేది మొహం కాదు, నడక.

రింగు (1998, జపాన్ ఒరిజినల్)లో సదాకో అనే దెయ్యం నడక అందరికీ తెలుసు. ఆ నటి వెనక్కి నడుస్తుంటే తీసి, రీలు తిప్పి చూపించారు. మనిషే, కాళ్ళూ చేతులూ మనిషివే, కానీ బరువు పడాల్సిన చోట పడదు. మెదడు వెంటనే పట్టేస్తుంది, తప్పెక్కడో మాత్రం చెప్పలేదు. జేకబ్స్ ల్యాడర్ (1990)లో తలలు విపరీతంగా ఊగిపోతాయి చూడండి, అదీ గ్రాఫిక్స్ కాదు. కెమెరా వేగం బాగా తగ్గించి, నటుడు తల ఊపుతుంటే తీశారు.

కానీ నా ఓటు కైరోకి. 2001, కియోషి కురొసావా. ఇంగ్లిష్‌లో పల్స్ అంటారు, అదే పేరుతో 2006లో వచ్చిన రీమేక్ వేరు, దాన్ని పెట్టుకోకండి. తలుపు అంచులన్నీ ఎర్ర టేపుతో మూసేసిన గదిలోకి ఒకడు వెళ్తాడు. గది చివర నుంచి ఒక ఆవిడ నెమ్మదిగా నడిచి వస్తుంది. మధ్యలో కాలు మడతపడి పడబోయి, మనిషి లేవలేని తీరులో లేచి మళ్ళీ నడుస్తుంది. ఇంటర్నెట్ కొత్తగా వస్తున్న రోజుల సినిమా. ఒంటరితనం గురించి. ఒక్కరే చూస్తానన్నారుగా, సరిపోతుంది.

ఎలా చూడాలన్నది కూడా ముఖ్యం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి, లేకపోతే మళ్ళీ ఆఫీసు మెయిల్సే. టీవీ అయితే కదలికలు నున్నగా చేసే సెట్టింగ్ ఆపేయండి, అది ఉంటే ఏ సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది. నెట్ స్పీడ్ తగ్గితే చీకటి సీన్లు గళ్ళుగళ్ళుగా విరిగిపోతాయి, అందుకే ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే మేలు.

నిద్రపోని_తల్లి:
అందరూ సీన్లు చెప్తున్నారు, నేను మనుషుల గురించి చెప్తాను. ఎవరి భయం వాళ్ళకుంటుంది. పెళ్ళికి ముందు నేను ఏ సినిమా అయినా నవ్వుతూ చూసేదాన్ని. మా వాడికి మూడేళ్ళప్పుడు రాత్రిళ్ళు నిద్రపోయేవాడు కాదు, ఆ రోజుల్లో ది బాబాడూక్ (2014) పెట్టాను. భర్త పోయిన ఆవిడ, నిద్రపోని కొడుకు, ఎక్కడి నుంచో వచ్చిన బొమ్మల పుస్తకం. ఆ పుస్తకంలోంచి వచ్చే నల్ల టోపీ దెయ్యం నాకు పెద్దగా పట్టలేదు. ఆ తల్లి కొడుకు మీద అరిచినప్పుడు ఆవిడ గొంతులో నా గొంతు వినిపించింది. సినిమా ఆపేసి వెళ్ళి మా వాడి పక్కన పడుకున్నాను. మిగతా సగం ఏడాది తర్వాత చూశాను.

అందుకే ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయినవాళ్ళకు హెరెడిటరీ చెప్పకండి, ప్లీజ్. ఏ సినిమాలో ఏం ఉంటుందో ముందే చెప్పే డజ్ ది డాగ్ డై అనే సైట్ ఉంది. కుక్క చనిపోతుందా అన్న దగ్గర మొదలై ఇప్పుడు వందల రకాల విషయాలకు హెచ్చరికలు ఇస్తారు. కథ కొంత బయటపడుతుంది, అయినా పర్లేదు.

చెవులు_రెండు:
నిజమేనండి, నేను ఆ వైపు ఆలోచించలేదు.

గోడమూల:
స్కినమరింక్ (2022) చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? రాత్రి లేచిన ఇద్దరు చిన్నపిల్లలు, ఇంట్లో తల్లిదండ్రులు లేరు, తలుపులూ కిటికీలూ మాయం. దర్శకుడు తను పెరిగిన ఇంట్లోనే, 15 వేల డాలర్లతో తీశాడు. గంటా నలభై నిమిషాలు గోడ మూలలు, పైకప్పు, కార్పెట్, టీవీ వెలుగు. మనుషుల మొహాలు కనిపించడమే అరుదు. చిన్నప్పుడు జ్వరంలో మెలకువ వచ్చి గది వేరేగా కనిపించేది చూడండి, అచ్చం అదే.

ఫాస్ట్‌ఫార్వర్డ్:
చూశాను. ఈసారి ఇరవై నిమిషాలకే.

బొత్తిగా_దెయ్యంలేదు:
దెయ్యాలు లేని సినిమా ఒకటి చెప్పనా? స్పూర్లూస్, 1988, డచ్ సినిమా, ఇంగ్లిష్‌లో ది వానిషింగ్. జంట కారులో వెళ్తూ పెట్రోలు బంకు దగ్గర ఆగుతారు. అమ్మాయి కూల్‌డ్రింక్ కొనడానికి వెళ్తుంది, తిరిగి రాదు. పట్టపగలు, చుట్టూ జనం. అతను మూడేళ్ళు వెతుకుతాడు. తీసుకెళ్ళినవాడెవడో మనకు ముందే చూపించేస్తారు. భార్యా పిల్లలతో బాగానే ఉంటాడు. "ఎవరు" అన్న ప్రశ్న తీరిపోయాక "ఏమైంది" అన్నది తెలుసుకోవాలన్న ఆశ ఉంటుందే, ఆ ఆశే మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోతుందో చివర్లో తెలుస్తుంది. చూసి ఎనిమిదేళ్ళయింది, ఇప్పటికీ లిఫ్ట్‌లో లైటు ఆరితే అదే గుర్తొస్తుంది.

అదే దర్శకుడు 1993లో హాలీవుడ్‌లో మళ్ళీ తీసి ముగింపు మార్చేశాడు. అది చూసి ఇది చూశాననుకోకండి.

రీలుబొమ్మ:
ఇంత మాట్లాడుకున్నారు, మన వైపు సినిమా ఒక్కటీ లేదా?

సావిడి_కిటికీ:
ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం మధ్యలో కామెడీ ట్రాక్ వచ్చి, కూడబెట్టిన భయమంతా కారిపోతుంది. లేనివి చెప్పాలంటే రాత్రి (1992), వర్మ తీసింది. చంపేది ఏంటో చూపించకుండా కెమెరానే దెయ్యంలా తిప్పాడు. మసూద (2022) మొదటి సగం. ఇంకా మలయాళం భూతకాలం (2022). అమ్మమ్మ పోయాక తల్లీ కొడుకూ ఆ ఇంట్లో మిగులుతారు, కుర్రాడికి ఏవో కనిపిస్తున్నాయంటే మతి చెడిందనుకుంటారు. ఒకరి మాట ఒకరు నమ్మని ఆ ఇంటికి వేరే దెయ్యం అక్కర్లేదు. తమాషా ఏంటంటే రాత్రి సినిమాలో దెయ్యం పట్టే అమ్మాయీ, ముప్పై ఏళ్ళ తర్వాత ఇందులో తల్లీ, ఇద్దరూ రేవతే.

నిద్రపోని_తల్లి:
భూతకాలం నాకు దాచి పెట్టండి. ఆవిడ ఉంటే చాలు.

అర్ధరాత్రి_ఆట:
అందరికీ థాంక్స్. శనివారం రిపోర్టు ఇది.

కైరో అనుకుని కూర్చున్నాను. మంచి ప్రింటు దొరకలేదు, అందుకని పాతరీలు గారి మాట మీద ది ఇన్నోసెంట్స్ పెట్టాను. పెట్టగానే తెర అంతా నలుపు. ఎక్కడో చిన్నపిల్ల పాట. బొమ్మ రావడం లేదని లేచి కేబుల్ ఊడదీసి మళ్ళీ పెట్టాను, టీవీ వెనక టార్చ్ వేసి చూశాను. తీరా చూస్తే సినిమా మొదలే అలా ఉందట! ముందే చెప్పాలిగా అండీ. చీకటి గదిలో టీవీ వెనక వంగి ఉన్నాను, ముందు నుంచి ఆ పాట.

మొదటి అరగంట నెమ్మదిగానే ఉంది, ఒప్పుకుంటాను. సరస్సు సీన్ వచ్చినప్పుడు కూడా "ఇంతేనా" అనిపించింది. పడుకున్నాను, నిద్ర పట్టింది. గెలిచాననుకున్నాను.

ఆదివారం పొద్దున బ్రష్ చేసుకుంటూ కిటికీలోంచి చూస్తే ఎదురు మేడ మీద నల్లగా ఎవరో కదలకుండా నిలబడి ఉన్నారు. నోట్లో నురగతో అలా ఎంతసేపు చూశానో తెలియదు. గాలి వీచాక తెలిసింది, ఆరేసిన దుప్పటి.

పాతరీలు:
ముప్పై ఏళ్ళు. చెప్పాను కదా.

సావిడి_కిటికీ:
లేక్ ముంగో ఎప్పుడు మరి?

అర్ధరాత్రి_ఆట:
పగలు చూస్తాను.

చెవులు_రెండు:
సరస్సు సీన్ కూడా పగలే కదండీ.